గంప కింది ఆట

మా మేనకోడలు కోకాపేటలో ఇరవై ఎన్నో అంతస్తులో ఉంటుంది. పోయిన నెల వాళ్ళింటికి భోజనానికి వెళితే, తిన్న కంచాలు ఎత్తకముందే బల్ల మీద ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి పెట్టింది. లోపల రంగుల బిళ్ళలు, చీట్లు, చెక్క బొమ్మలు. "అత్తా, ఇందులో నువ్వూ నేనూ పోటీ కాదు. అందరం ఒక జట్టు. ఆటే మన శత్రువు," అంది, లోకంలో ఎవరూ ఇంతవరకు వినని సంగతి చెబుతున్నట్టు. వాళ్ళాయన ఇంకో చిన్న పెట్టె తీశాడు. పాత ఆట గెలిచేశారట. గెలిచాక దాని మీద మోజు పోయిందట. అందుకని ఆ తయారుచేసినవాళ్ళే కొత్త గళ్ళూ, కొత్త గండాలూ, కొత్త నియమాలూ కలిపి అదనంగా మరో పెట్టె అమ్ముతారట. "ఇది లేకపోతే ఆట చచ్చిపోతుంది అత్తయ్యగారూ," అన్నాడు ఆ అబ్బాయి నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ మాటే నాకు పాతికేళ్ళ కిందట ఒకావిడ చెప్పింది. ఆవిడ దగ్గర అట్టపెట్టెలు లేవు. ఒక సుద్దముక్క, ఒక తడిగుడ్డ, నాలుగు గవ్వలు, ఒక వెదురు గంప ఉండేవి. ఇంకొక్క పందెం పడితే అందరం గెలుస్తాం అనగా, "ఇగ చాలు, లేవుండ్రి," అని ఆట మీద గంప బోర్లించి, పైన రాయి పెట్టేది. బోరబండలో ఆ వీధివాళ్ళు ముసలిదానికి మతి చెడిందనుకున్నారు. వాళ్ళకు తెలియక అనుకున్నారు. తెలిసిన నేను మాత్రం ఏం చేశాను కనక, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మాదాపూర్‌లో బండలు పేలుస్తున్నారు. గుండ్రటి పెద్ద భవనం ఒకటి లేచింది, దాని చుట్టూ మిగతావి లేవబోతున్నాయి. నేను తెనాలి పక్కనుంచి వచ్చి అక్కడ మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్‌లో చేరాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు, చేసేది టైపు పని. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి మాట్లాడి పంపిన టేపులు చెవులకు తగిలించుకుని, విన్నది విన్నట్టు కొట్టడం. ఆఫీసు దగ్గర బండలు తప్ప ఇళ్ళు లేవు. సెవెన్ సీటర్ ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని పోతే బోరబండలో గది దొరుకుతుందన్నారు.

గది చూడటానికి వెళ్ళిన రోజు ఆవిడ అరుగు మీద ఒక కాలు బారజాపుకుని బియ్యం చెరుగుతోంది. ఆ మోకాలు వంగదు. నా ఊరు అడగలేదు, కులం అడగలేదు, పెళ్ళయిందా అని అడగలేదు.

"అష్టాచెమ్మ వస్తదా బిడ్డా?" అంది.

"వచ్చండి. చిన్నప్పుడు ఆడేవాళ్ళం."

"గట్లయితే సామాను తెచ్చుకో."

కిరాయి మాట ఆ తర్వాతే వచ్చింది. పిన్నిగారూ అని పిలవబోతే చేయి అడ్డం పెట్టింది. "పిన్ని గాదు, గారు గాదు. పెద్దమ్మ అను. నోరు అరుగదు." ఆవిడ పేరు నాకు తర్వాత తెలిసింది గానీ ఆ పేరుతో ఆవిణ్ణి ఎవరూ పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడా అక్కర్లేదు.

గవ్వలతో ఆవిడ మాట్లాడేది. రెండు అరచేతుల మధ్య వేసి గిలకొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఏంది గునుస్తున్నవ్? సక్కగ పడు," అని గదమాయించి విసిరేది. చెడ్డ పందెం పడితే ఆ గవ్వను వేరుగా తీసి తనకేసి తిప్పుకుని, "నిన్ను సముద్రం ఎందుకు పారేసిందో నాకు తెల్సులే," అనేది. బుగ్గలో ఎప్పుడూ వక్క. కోపమొస్తే వక్క ఆ బుగ్గనుంచి ఈ బుగ్గకు మారేది, అంతకంటే గట్టిగా ఆవిడ కోపపడగా నేను చూడలేదు. ఆలోచన వస్తే మాత్రం చాటలో రాళ్ళు ఏరే చేయి ఆగిపోయేది. నా భోజనమూ ఆవిడ దగ్గరే. ఆ వారం అన్నంలో పంటి కింద రాయి తగిలిందంటే కొత్త ఆట తయారైందని మాకు అర్థం.

అరుగు మీద నవారు మంచంలో ఆయన ఉండేవాడు. ఆవిడ భర్త. నేను పెద్దనాన్నగారూ అనేదాన్ని, ఆయన పలికేవాడు కాదు. జీడిమెట్లలో ఏదో మందుల ఫ్యాక్టరీలో పని. నేను వెళ్ళడానికి కొన్ని నెలల ముందు అక్కడ ఒక గదిలో గ్యాసు లీకయింది. ఆయన బయటపడ్డాడు. పక్కన పనిచేసే యాదయ్య బయటపడలేదు. వీధికి తెలిసిన కథ అంతే. అప్పట్నుంచీ ఆయనకు మెట్టు ఎక్కితే ఆయాసం, మాట్లాడితే దగ్గు. గోడకేసి తిరిగి పడుకునేవాడు. కంచం పెడితే కంచం అలాగే తిరిగొచ్చేది.

రోజంతా నేను చెవుల్లో వినేది ఎవరెవరివో ఊపిరితిత్తుల సంగతే. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే గోడ అవతల అదే శబ్దం, మనిషి మాత్రం మనవాడు. ఆ టేపులు ఏ మాటతో మొదలై ఏ మాటతో ముగుస్తాయో నాకు కంఠతా వచ్చు. అందుకే ఆయన దగ్గు వినడం నాకు కష్టంగా ఉండేది.

"దవాఖానల ఏమన్నరు పెద్దమ్మా?" అని ఆవిడ భాషలోనే అడిగాను ఒకసారి.

"మందులిచ్చిన్రు. మనసు గట్టిగుండాలె, బతకాలె అనుకోవాలె అన్నరు." వక్క బుగ్గ మార్చింది. "మనసుకు గోలి ఏ షాపుల అమ్ముతరు బిడ్డా?"

ఆయన ఒకప్పుడు ఆ వీధిలో అష్టాచెమ్మకు పెట్టింది పేరట. "గవ్వలు పట్టిండంటే గల్లీల పెద్దమనుషులే ఏడ్సుకుంట పోతుండె," అని మురిసిపోతూ చెప్పేది. అష్టాచెమ్మ తెలియనివాళ్ళకు ఒక్క సంగతి చెప్పాలి, మిగతాదంతా దాని మీదే నడిచింది. అయిదు గళ్ళు ఇటు, అయిదు గళ్ళు అటు. కాయలు ముందు బయటి వరసంతా తిరగాలి, తర్వాత లోపలి వరసలోకి పోవాలి, అక్కణ్ణుంచి నడిమింటికి చేరితే కాయ పండినట్టు. కానీ ఊరికే లోపలికి పోనివ్వరు. ఎదుటివాడి కాయను ఒక్కదాన్నయినా చంపాలి. చంపనివాడు ఎన్ని పందేలు పడినా బయటే తిరుగుతుండాలి. మా ఊళ్ళోనూ అదే నియమం. చిన్నప్పుడు నేనూ చంపాను, ఎగిరి గంతులేశాను. ఆ మాటకు అర్థం ఉంటుందని అనుకోలేదు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆవిడ ఆయన్ని బతిమాలి లేపి కూర్చోబెట్టింది. నలుగురం. ఆవిడ, ఆయన, నేను, ఇంకో పోర్షన్‌లో ఉండే నర్సింలు. నర్సింలు పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, మాదాపూర్‌లోనే ఏదో భవనానికి గోడలు కడుతున్నాడు. ఆవిడకు చింతగింజలు, నాకు గాజుముక్కలు, నర్సింలుకు కంకర, ఆయనకు ఫ్యాక్టరీ చొక్కా నుంచి ఊడదీసిన ఖాకీ గుండీలు. ఆట బాగానే నడిచింది. ఆయనకు మూడు పడింది. సరిగ్గా మూడో గడిలో నర్సింలు కంకరరాయి ఉంది.

"ఇగ నా కాయ సచ్చింది. తియ్యి పెదనాయినా," అన్నాడు నర్సింలు నవ్వుతూ.

ఆయన గుండీ పట్టుకున్నాడు. చేయి గడి మీద ఆగిపోయింది. ఎంతసేపటికీ కిందికి దిగలేదు. గుండీ అక్కడే వదిలేసి మంచం మీద వాలిపోయాడు. దగ్గొచ్చిందేమో అనుకున్నాను నేను. ఆవిడ అలా అనుకోలేదు. చాలాసేపు ఆయన చేతికేసే చూస్తూ కూర్చుంది.

మరో ఆదివారం మేం ముగ్గురం కూడబలుక్కుని ఆయన్ని గెలిపించబోయాం. ఎక్కడ ఆయన చంపాల్సి వస్తుందో అక్కడ మేమే తప్పుకున్నాం. ఆయనకు తెలిసిపోయింది. గవ్వలు గోడకేసి కొట్టాడు. "నాకు బిచ్చమేస్తున్నరా? సచ్చినోనితోని ఆడుతున్నరా?" ఆ రెండు మాటలకే ఊపిరాడక ఎగబీల్చాడు. ఆ పూట ఆయనకు కోపం వచ్చినందుకు కూడా ఆవిడ సంతోషపడింది, అంతటి కరువులో ఉంది.

ఆ వారం నాకు అన్నంలో రాళ్ళు తగిలాయి.

ఆదివారం మ్యాట్నీ వేళకు అరుగు కడిగి, కొత్తగా గీసింది. "ఇయ్యాల కొత్త ఆట పడ్డది," అంది సినిమా హాలు గేటు దగ్గరివాడిలా. "ఒకల మీద ఒకలు ఆడుడు బంద్. అందరం ఒక దిక్కు. ఆట ఒక దిక్కు." ఒక పెంకు తీసి మూలగడిలో పెట్టింది. అది వీధి చుట్టి వెళ్ళిపోయే నీళ్ళ ట్యాంకర్. మేమంతా ఒక చుట్టు ఆడితే అది ఒక గడి జరుగుతుంది. అది తిరిగి తన మూలకు చేరేలోపు నలుగురి కాయలూ నడిమింటికి చేరాలి. ఒక్కటి మిగిలినా అందరం ఓడినట్టే.

"మరి చంపకుండా లోపలికెట్ల పోవుడు?" అన్నాడు నర్సింలు.

"చంపుడు లేదు. ఎనుకబడ్డ కాయ దగ్గరికి పోయి చెయ్యి అందియ్యాలె. దాన్ని తోల్కొని వస్తెనే లోపలికి తొవ్వ."

మంచంలో ఆయన కళ్ళు తెరిచాడు. మొదటిసారి మేం ఓడిపోయాం, నా గాజుముక్క ఒకటి మిగిలిపోయింది. ఆయన మోచేయి మీద లేచి, "గా పిల్ల కాయను మొదలే తోల్కొని రావాలె. బుద్ధి లేదా?" అని మమ్మల్నందర్నీ తిట్టాడు. ఆ సాయంత్రం రెండు ముద్దలు తిన్నాడు. ఇక్కడ ఆయన మీద ఎవరి జాలీ పనిచేయదు. మేం ముగ్గురం నిజంగానే ఓడిపోయే మనుషులం, మాకు ఆయన తెలివి కావాలి.

కొన్నాళ్ళకు ట్యాంకర్‌ను ఎలా ఓడించాలో అందరికీ తెలిసిపోయింది. వరసగా గెలిచాం. అంతే, ఆయన మళ్ళీ గోడవైపు తిరిగాడు. అప్పుడు చెప్పింది ఆవిడ నాతో, చాట ఒళ్ళో పెట్టుకుని: "ఆట పాతబడితె మనిషి పాతబడ్తడు బిడ్డా. కొత్తది కలపకుంటె ఆట సస్తది. ఆట సస్తె..." మిగతాది చెప్పలేదు.

ఆ తర్వాత ఆవిడ పని అదే అయింది. ప్రతి ఆదివారానికీ ఏదో ఒకటి కలపాలి. కరెంటు పోయిన ఆట: నాలుగు గవ్వలూ వెల్లకిలా పడి చెమ్మ వస్తే అందరూ కళ్ళు మూసుకుని, తర్వాతి కాయను తడుముకుంటూ జరపాలి. సీటీ ఆట: మాదాపూర్‌లో బండలు పేల్చేముందు సీటీ వేస్తారని నర్సింలు చెప్పాడు, మర్నాటికల్లా అది ఆటలోకి వచ్చింది. ఆవిడ నోట్లో వేలు పెట్టి సీటీ వేస్తే, అడ్డగీతలు గీసిన భద్రమైన గళ్ళలోకి చేరని కాయలన్నీ మొదటికి పోవాలి. వాన ఆట, చెత్తలారీ ఆట. పొద్దున ఆటో ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేది. "ఆఫీసుల కొత్త ముచ్చటేమన్న ఉంటె తే బిడ్డా. నా బుర్ర ఒట్టిపోయింది." వీధిలో కొట్లాట జరిగితే తగువు తీర్చడానికి కాదు, ఏమన్నా దొరుకుతుందేమో అని వెళ్ళేది. ఆవిడ ముఖంలో అప్పుడు వేట ఉండేది. ఆయన మాత్రం శనివారం నుంచే అడిగేవాడు, "రేపేం పడ్తదే?" అని. "నువ్వే జూస్తవ్ గద," అనేది బింకంగా. నిజానికి అప్పటికి ఏమీ ఉండేది కాదు.

ఒక ఆదివారం ఆవిడ ఏదో చెప్పబోతుంటే ఆయనే మంచం దిగాడు. గోడ పట్టుకుని నడిచి, పొయ్యి దగ్గర్నుంచి బొగ్గుముక్క తెచ్చాడు. అరుగు మీద కూలబడి, ఊపిరి తీసుకుని, ఒక మూలగడి నల్లగా రుద్దాడు.

"గిది రియాక్టరు. గిక్కడికెల్లి పొగ. ఒక్కో చుట్టుకు ఒక్కో గడి నల్లగైతది. నల్ల గడిల ఎవ్వలు కాలు పెట్టరాదు."

"గా ఆట వద్దు," అంది ఆవిడ. వక్క బుగ్గ మారింది.

"గదే కావాలె."

ఆ ఆట మేం ఎప్పుడూ గెలవలేదు. గుండీల్లో ఒకదాన్ని ఆయన పొగ పక్కనే పెట్టేవాడు. మిగతావన్నీ గట్టెక్కేవి. ఆ ఒక్కదానికి చేయి అందించి తెచ్చేలోపు దారి నల్లబడేది. వెనక్కి వెళ్ళిన కాయ కూడా అక్కడే చిక్కుకునేది. ఆదివారం తర్వాత ఆదివారం. ఆవిడ వాన తెచ్చినా, సీటీ తెచ్చినా ఆయన ఒప్పుకునేవాడు కాదు, పొగే పెట్టమనేవాడు. వారమంతా దుప్పటి మీద వేలితో గళ్ళు గీసుకుంటూ లెక్కలు వేసేవాడు. తిండి తినేవాడు. కూర్చునేవాడు. కానీ చెంపలు లోపలికి పోయాయి, పెదవులు నీలంగా ఉండేవి. ఆయన బతుకుతున్నాడో కాలిపోతున్నాడో నాకు తెలిసేది కాదు.

ఒకరోజు నర్సింలు విసిగిపోయాడు. "పెదనాయినా, గా ఒక్క గుండీ కోసం అందరం ఎనుకకు పోవుడెందుకు? ఇడిసిపెడ్తె తక్కినయన్ని పండుతయి గద."

ఆయన తలెత్తలేదు.

"ఇడిసిపెట్టే వచ్చిన నర్సింలూ." ఊపిరి పట్టుకున్నాడు. "యాదయ్య నా చెయ్యి పట్టుకుండె. ఆ చెయ్యి ఉంటె ఇద్దరం పోతమనుకున్న. ఇడిపిచ్చుకున్న." మళ్ళీ ఊపిరి. "పాత ఆటల ఒకన్ని చంపితెనే లోపలికి పోతం గద. నేను గట్లనే ఇల్లు జేరిన."

నర్సింలు చేతిలో గవ్వలు అలాగే ఉండిపోయాయి. ఆవిడ కేసి చూశాను. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు. గడి మీద ఆగిపోయిన ఆ చేతిని చూసిన ఆదివారమే ఆవిడకు అర్థమైంది. చంపుడు బంద్ అన్నది, చెయ్యి అందియ్యాలె అన్నది అందుకే. నెలల తరబడి చాటలో బియ్యం ముందు కూర్చుని ఆవిడ చేసిన పని, ఆ ఒక్క నియమాన్ని మొగుడి బుర్రలోంచి తుడిచెయ్యాలని చూడటం.

తర్వాతి ఆదివారం ఆయన కూర్చోలేకపోయాడు. గోడకు దిండు ఆనించి ఆవిడే కూర్చోబెట్టింది. పొగ పెట్టాం. ఓడిపోయే దారిలోనే ఉన్నాం. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఒక్కసారి," అన్నాడు. "ఒక్కసారన్న వాడు బయటికి రావాలె."

ఆవిడ తడిగుడ్డ అందుకుంది. గుండీ ఉన్న చోట, ఆట బయటి గీతను బొటనవేలికి గుడ్డ చుట్టి తుడిచేసింది. గీతలో చిన్న ఖాళీ.

"గిది తలుపు. అష్ట పడితె తెరుసుకుంటది. గిట్లనుంచి బయటికి రావచ్చు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అక్కడ తలుపుకు తాళం ఉండె."

"ఎవలేసిన్రు?"

"మాల్ దొంగతనం పోతదని మేనేజరు ఏయించిండు."

"వానిది ఫ్యాక్టరీ. వాడు తాళమేసిండు. ఆట నాది. నా ఆటల తలుపుకు తాళం లేదు." గవ్వలు తీసి ఆయన అరచేతిలో పోసి, వేళ్ళు మూసింది. "ఎయ్యి."

ఆయన గిలకొట్టలేదు. చేయి తిప్పి వదిలాడంతే. నాలుగు గవ్వలూ బోర్లా పడ్డాయి. అష్ట.

నర్సింలు కేక పెట్టాడు, నేను చప్పట్లు కొట్టాను. ఆయన గుండీని రెండు వేళ్ళతో పట్టుకుని, ఆ ఖాళీలోంచి మెల్లగా బయటికి జరిపాడు. గీత దాటాక కూడా జరుపుతూనే పోయాడు, అరుగు అంచు దాకా. అక్కడ ఆపి, దాని మీద అరచెయ్యి కప్పాడు. "వచ్చిండు," అన్నాడు. ముఖం అంత ప్రశాంతంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. ఆ పూట ఆవిడ పాయసం వండింది.

ఆ వచ్చే ఆదివారానికి ఆవిడ కొత్త ఆట సిద్ధం చేసింది. పాత గీతల మీదే రెండు పొగలు, రెండు తలుపులు, గొప్పగా ఉంది. ఆయన చూశాడు. "మంచిగుంది. మీరు ఆడుండ్రి," అని గోడవైపు తిరిగాడు. బతిమాలింది. రెచ్చగొట్టింది. నర్సింలు చేత తిట్టించింది. ఆయన నవ్వాడు కూడా. కంచం మాత్రం మళ్ళీ అలాగే తిరిగొచ్చింది. ఆ వారం గడవలేదు.

కర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉంటే పక్కన కూర్చున్నాను. సుద్దగీత ఇంకా చెరిగిపోలేదు. ఆ మొదటి ఖాళీ అలాగే ఉంది. ఆవిడ దాన్నే చూస్తోంది.

"నేను తలుపు పెట్టకుంటె ఇంకో ఆదివారం కోసం ఉండెటోడు బిడ్డా."

"అదేం లేదు పెద్దమ్మా. ఆ ఊపిరితిత్తులు అప్పటికే అయిపోయాయి. నాకు తెలుసు, రోజూ టైపు చేస్తాను కదా..."

"నీ టైపుల ఉన్నది నాకు చెప్పకు." గొంతు పెంచలేదు. "ఓడినన్ని దినాలు తిన్నడు. గెలిసినంక దేనికోసం తింటడు? ఏడుస్తున్నడని సూడలేక తెరిసిన. ఆయన చెయ్యి ఇడిపిచ్చుకున్నడు. నేను తలుపు తెరిసిన. ఇద్దరం ఒక్కటే పని జేసినం."

కాదని ఎన్ని రకాలుగానో చెప్పాను. మంచి పని చేశావన్నాను, ఆయన శాంతిగా పోయాడన్నాను. చుట్టం పలకరింపు వింటున్నట్టు విన్నది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఒక్క దానికే. ఆ గదికి తాళం వేయించిన మనిషి ఎక్కడో హాయిగా అన్నం తింటూ ఉంటాడు, వాడికి ఏ ఆదివారమూ ఇలాంటి అనుమానం వచ్చి ఉండదు. అరుగు మీద సుద్దగీత తుడిచిన మనిషి మాత్రం తనను తాను హంతకురాలి కింద రాసుకుంది.

ఇక ఆడదనుకున్నాను. ఆడింది. కిరాయికి వచ్చిన ప్రతి మనిషినీ అష్టాచెమ్మ వస్తదా అని అడుగుతూనే ఉంది. పొగ ఆటే, తలుపు ఆటే, ఆయన గుండీలతో సహా. ప్రతి వారం ఏదో ఒకటి కలుపుతూనే ఉంది. కానీ ఆఖరి గుండీ తలుపు దగ్గరికి వచ్చేసరికి లేచి గంప తెచ్చేది. "ఇగ చాలు, లేవుండ్రి." పిల్లలు గోల చేసేవాళ్ళు. "గెలవనియ్యవా పెద్దమ్మా?" అని నర్సింలు అడిగాడొకసారి. "గెలిస్తె అందరు లేచి పోతరు," అంది. వచ్చే ఆదివారం గంప ఎత్తి, అక్కణ్ణుంచే మొదలుపెట్టి, దారిలో ఇంకో గండం కలిపి, మళ్ళీ గంప బోర్లించేది. నేను ఆ గది ఖాళీ చేసి వెళ్ళిపోయాక కూడా ఎప్పుడైనా ఆదివారం వెళితే అదే ఆట, అదే గంప.

ఆవిడ పోయినట్టు నర్సింలు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఇల్లు కడిగారు, అరుగు మాత్రం కడగలేదు. గంప బోర్లించి ఉంది, పైన రాయి ఉంది. "ఎవ్వర్ని ముట్టనియ్యలే," అన్నాడు నర్సింలు. "నువ్వొస్తవని ఆపిన. ఏం జేద్దాం అక్కా?"

రాయి పక్కకు పెట్టి గంప ఎత్తాను. గళ్ళు చాలావరకు నల్లగా ఉన్నాయి. కంకర పండింది, గాజుముక్కలు పండాయి, చింతగింజలు పండాయి. ఖాకీ గుండీ ఒక్కటే తలుపు దగ్గర ఉంది. ఒక్క అష్ట పడితే చాలు. గవ్వలు పక్కనే ఉన్నాయి.

నర్సింలు గవ్వలకేసి చూశాడు, నాకేసి చూశాడు. నేను గంప మళ్ళీ బోర్లించి, పైన రాయి పెట్టాను.